ప్రతిజ్ఞ కింద లేని పేరు

1981లో నేను ఆరో తరగతి. ఆ ఏడాది పుస్తకాలు ఆగస్టు దాటాక గాని రాలేదు. అంతదాకా పై తరగతి వాళ్ల దగ్గర సగం ధరకు కొన్న పాతవే గతి. కట్టలు విప్పిన రోజు వాచకం ముక్కుకు ఆనించుకుని కొత్త ఇంకు వాసన పీల్చాం. ఇంటికెళ్లి పేపరు అట్ట వేసి, అన్నం మెతుకులతో లేబుల్ అంటించాం.

అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పించే పని నాది. నోటికి వచ్చినా టెన్షన్‌తో పుస్తకం పట్టుకునే నిలబడేవాణ్ణి. అందుకే ఆ ముందు పేజీలు ఇప్పటికీ కళ్లకు కడతాయి. సంపాదకుల పేర్లు ఉండేవి. అచ్చువేసిన చోటు కూడా ఉండేది: ప్రభుత్వ పాఠ్యపుస్తక ముద్రణాలయం, మింట్ కాంపౌండ్, హైదరాబాద్. అది నిజాం కాలపు టంకశాల ఆవరణ అని సోషల్ మాస్టారు చెప్పారు. ప్రతిజ్ఞ కింద మాత్రం ఖాళీ.

"ఇది ఎవరు రాశారు మాస్టారూ?"

"గవర్నమెంటు వాళ్లే రాసుంటార్రా."

రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. నల్లగొండ జిల్లా వారు. 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులోనే రాశారు. విశాఖ నాయకులు తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో చదివించారు. మనవరాలు పాఠ్యపుస్తకంలోంచి చదువుతుంటే విన్నాకే సుబ్బారావు గారికి ఆ సంగతి తెలిసిందని ఆయన కుటుంబం చెప్పింది. 1988లో కన్నుమూశారు.

నాకిది చిన్న విషయంగా అనిపించదు. పుస్తకం రాసిన రచయిత అట్ట మీద తన పేరు లేకపోతే ప్రచురణకర్తను నిలదీస్తాడు. ఊరూరా బడులకు పుస్తకాలు పంపే సర్కారును అడిగేదెవరు? ఏ పాఠం ఉండాలో తేల్చే చెయ్యే, ఎవరి పేరు ఉండాలో కూడా తేలుస్తుంది. 2014లో రాష్ట్రం రెండయ్యాక పాఠాలు మారాయి. ప్రతిజ్ఞ మాత్రం రెండుచోట్లా అదే.

మా అమ్మాయి కొత్త పుస్తకంలో ప్రతిజ్ఞ కింద ఆయన పేరు చూశాను. చేత్తో తడిమి మరీ చదివాను. ఆ రాత్రి ట్రంకుపెట్టెలోంచి నా ఆరో తరగతి వాచకం తీసి, ఆ ఖాళీలో నీలం ఇంకుతో సుబ్బారావు గారి పేరు రాశాను.