ఛాతీకి దెబ్బ తగిలిన బావగారికి స్కాన్ ఎందుకు చివరన తీశారు: నా అనుభవం

ఒడిశాలోని పర్లాకిమిడి, ఆంధ్రలోని పాతపట్నం పక్కపక్క ఊళ్లే అయినా మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉండడంవల్ల, మోటారు సైకిలు మీదనుంచి పడి ఛాతీకి బలమైన దెబ్బ తగిలిన మా బావగారిని ఏ వైపు తీసుకువెళ్లాలన్న దానిపై ముందు కొంత తర్జనభర్జన జరిగింది. చివరకు దగ్గరలో ఉన్న ఒడిశా వైపు ఆసుపత్రికే చేర్చాము.

వెంటనే సీటీ స్కాన్ తీయమని అక్కయ్య పట్టుబట్టింది. డ్యూటీ డాక్టరుగారు ఒప్పుకోలేదు. రక్తపోటు నిలకడగా లేని మనిషిని స్కాన్ గదికి పంపడం ప్రమాదమనీ, ఊపిరితిత్తి చుట్టూ గాలి ఒత్తిడిగా చేరి గుండెకు రక్తం రానివ్వని స్థితి ఉంటే అసలు ఏ చిత్రం కోసమూ ఆగకుండా గాలిని బయటకు తీయవలసి ఉంటుందనీ ఆయన చెప్పారు. అంత రద్దీలోనూ నిలబడి వివరించినందుకు ఆయనను మెచ్చుకోవాలి.

మొదట మంచం దగ్గరే అల్ట్రాసౌండ్ చేశారు. గుండె చుట్టూ, కడుపులో రక్తం చేరలేదని చూసుకుని, తరువాత ఛాతీకి రెండు వైపులా పరికరాన్ని ఆనించారు. ఊపిరి తీసినప్పుడల్లా ఊపిరితిత్తి ఛాతీ గోడ కింద జారుతూ కనిపించాలి. ఎడమవైపు ఆ కదలిక లేదు, అంటే మధ్యలో గాలి చేరి ఉండవచ్చు. అందుకు వేరే కారణాలు కూడా ఉండవచ్చు కాబట్టి ఎక్స్-రే తీశారు. అందులో రెండు ప్రక్కటెముకలు విరిగినట్టు తెలిసింది గాని గాలి కనిపించలేదు. "ఏమీ లేదట" అని మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

డాక్టరుగారు మాత్రం తృప్తి పడలేదు. వెల్లకిలా పడుకున్న మనిషిలో గాలి ఛాతీ ముందు భాగానికి చేరుతుంది గనుక ఎక్స్-రేకు చిక్కకపోవచ్చునట. రక్తం సంగతీ అంతే: నిలబడి తీయించుకుంటే సుమారు 200 నుంచి 300 మిల్లీలీటర్లు చేరేసరికి ఊపిరితిత్తి కింది మూల పూడుకుపోయినట్టు కనిపిస్తుంది, పడుకున్నప్పుడు అదే రక్తం వెనుకవైపు పరుచుకుని పలుచని మసకగా మాత్రమే తోస్తుంది. ఎక్స్-రే బాగుందన్న మాటతో రోగిని ఇంటికి తీసుకుపోయేవాళ్లు తెలుసుకోవలసిన విషయమిది.

రక్తపోటు కుదురుకున్నాక స్కాన్‌కు పంపారు. స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కోసం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేశారు. ఎలర్జీలు, చక్కెర వ్యాధి మందుల గురించి అడిగారు. అంగీకార పత్రం ఒడియాలో ఉంది. పర్లాకిమిడి బడిలో చదువుకున్న నేను దానిని చదివి బావగారికి తెలుగులో చెప్పాక ఆయన సంతకం చేశారు. పెద్ద ధమనికి గాయం లేదనీ, ఛాతీ ముందు భాగంలో గాలి ఉందనీ, ఎక్స్-రేలో కనబడని మరికొన్ని ఎముకలు విరిగాయనీ, ఊపిరితిత్తి కమిలిందనీ స్కాన్‌లో తేలింది.

ప్రక్కటెముకల మధ్యనుంచి గొట్టం వేసి, అది సరైన చోట ఉందో లేదో మళ్లీ ఎక్స్-రేతోనే చూశారు. కమిలిన ఊపిరితిత్తి తరువాతి ఒకటి రెండు రోజుల్లో మరింత దెబ్బతినవచ్చు కాబట్టి ఎక్స్-రేలు కొనసాగాయి. రేడియేషన్ ఎన్నో రెట్లు ఎక్కువ గనుక సీటీని మాత్రం మళ్లీ తీయలేదు.

డిశ్చార్జి నాడు స్కాన్ సీడీని అడిగి తీసుకున్నాము. తరువాత శ్రీకాకుళంలో చూపించినప్పుడు అక్కడి డాక్టరుగారు దానినే కంప్యూటరులో తెరిచి చూసి, నిలబెట్టి ఒక్క ఎక్స్-రే మాత్రం తీయించారు.