సున్నా చెప్పినవాళ్లకు చెరువు అక్కర్లేదా?

నా పరిశోధనకు మా గైడ్ మేడమ్ ఇచ్చిన టాపిక్ వినడానికి చిన్నదే. నెల్లూరు స్వర్ణాల చెరువులోకి మురుగు రాకుండా చేసే పథకం ఒకటి పెడితే, ఊళ్లో ఒక్కో కుటుంబం నెలకు ఎంత ఇవ్వడానికి ఒప్పుకుంటుందో సర్వే చేసి తేల్చాలి. శుభ్రమైన చెరువుకు బజార్లో రేటు ఉండదు కాబట్టి జనాన్నే అడగాలి. ఈ పద్ధతిని కంటింజెంట్ వాల్యుయేషన్ అంటారు.

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి సుమారు 1.1 కోట్ల గ్యాలన్ల ముడిచమురు సముద్రం పాలైంది. ఆ తీరాన్ని ఎన్నడూ చూడనివాళ్లకు కూడా అది నష్టమేనా అని తేల్చడానికి ఇలాంటి సర్వేనే చేశారు. నోటిమాటగా చెప్పిన డబ్బుకు విలువేంటని పెద్ద వాదన నడిచింది. ఆర్థికవేత్తలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో అధ్యక్షులుగా వేసిన నిపుణుల సంఘం 1993లో కొన్ని సూచనలు చేసింది. ముఖాముఖి అడగండి. ‘ఎంతిస్తారు’ అని వదిలేయకుండా, ఫలానా మొత్తం కట్టాల్సి వస్తే ఓటేస్తారా లేదా అని అడగండి. ఆ డబ్బు పోతే ఇంట్లో వేరే ఖర్చు తగ్గించుకోవాలని గుర్తుచేయండి. నా ప్రశ్నాపత్రానికి ఇవే ఆధారం.

ముందు కొద్దిమందితో మామూలుగా మాట్లాడి, జనం నోట ఏ మొత్తాలు వస్తున్నాయో చూసుకున్నాను. దాన్నిబట్టి 20, 50, 100, 200 రూపాయల కార్డులు చేసుకున్నాం. ఏ ఇంటికి ఏ కార్డన్నది చీటీ తీసినట్టే. మొత్తం పెరిగేకొద్దీ ‘సరే’లు తగ్గాలి. తగ్గకపోతే జనం మన ప్రశ్న సరిగా వినలేదనే అర్థం.

అసలు చిక్కు డబ్బు వసూలు చేసే దారి దగ్గర వచ్చింది. ఇంటి పన్నుతో కలిపి కట్టాలని కార్డులో ఉంది. వేదాయపాళెంలో ఒక రిటైర్డ్ సారు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "మొన్నటిదాకా చెత్త పన్ను కట్టినాం గదమ్మా, ఇప్పుడు చెరువు పన్నా?" అన్నారు. 2021లో పట్టణాల్లో చెత్తకు నెలనెలా డబ్బు వసూలు మొదలైంది, 2024లో దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఆయన నా ప్రశ్నకు కాదు, దానికి జవాబు చెబుతున్నారు. ఫారంలో మాత్రం పడింది సున్నానే.

దర్గామిట్టలో పూలమ్మే ఆమెకు 50 కార్డు వచ్చింది. మూర కొలుస్తూనే కాసేపు ఆలోచించింది. "యాభయ్యా? రొట్టెల పండగప్పుడు ఆ నీళ్లలోనే గదా అందరూ దిగేది. ఇస్తా పాపా. నీ చేతికిస్తా. ఆఫీసోళ్లకైతే పైసా ఇవ్వను." దీన్ని అవును అనాలా, కాదు అనాలా?

దానికి భిన్నంగా మాగుంట లేఅవుట్‌లో ఒకాయన 200 కార్డు చూడకుండానే "రాసుకోండి, రాసుకోండి" అంటూ ఫోన్‌లో పడ్డారు. మర్యాద కోసం అనే ఇలాంటి ‘సరే’లు ఈ సర్వేలకు పెద్ద తలనొప్పి. అందుకే చివర్లో, ‘నిజంగా బిల్లు వస్తే కడతానన్న నమ్మకం పదికి ఎంత’ అని ఇంకో ప్రశ్న పెట్టాం. ఆయన చేత ఆ అంకె చెప్పించడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

కాదన్నవాళ్లను ‘ఎందుకు’ అని తప్పనిసరిగా అడగాలి. ‘నా దగ్గర లేదు’, ‘చెరువుతో నాకు పనిలేదు’ అంటే అది నిజమైన సున్నా. ‘మురుగు వదిలినవాళ్లే కట్టాలి’, ‘ఇప్పటికే పన్ను కడుతున్నాం’ అంటే నిరసన సున్నా. పాఠ్యపుస్తకాల్లో చాలావరకు ఈ రెండో రకాన్ని లెక్కలోంచి తీసేయమంటారు. తీసేస్తే సగటు చక్కగా పైకి లేస్తుంది. ఉంచితే కింద పడిపోయి, ‘జనానికి చెరువు పట్టదు’ అనే మాటకు సాక్ష్యంగా నిలబడుతుంది. నాకు రెండూ నచ్చలేదు. ఆ సారుకు చెరువు అక్కర్లేక కాదు, వసూలు చేసేవాళ్ల మీద నమ్మకం లేక కాదన్నారు. అది కూడా ఒక కొలతే.

మేడమ్‌తో చాలాసేపు వాదించాక, సున్నాలు ఉంచి ఒక పట్టిక, తీసి ఒక పట్టిక వేశాను. మూడో దాంట్లో రూపాయలేమీ లేవు. ఎవరు ఎందుకు కాదన్నారో వాళ్ల మాటల్లోనే రాసి, అంతే డబ్బును ప్రత్యేక ఖాతాలో వేసి లెక్కలు గోడమీద అంటిస్తే కడతారా అని అడిగినప్పుడు ఏమన్నారో పక్కన పెట్టాను. ఆ ప్రశ్న సర్వే సగంలో చేర్చింది కాబట్టి సగటుల్లో కలపలేదు. వైవాలో మాత్రం ఎక్కువసేపు మాట్లాడింది దాని మీదే. పూలామె జవాబును ఏ గడిలో వేశావని అడిగితే, విడిగా పెట్టానని చెప్పాను.