మెమ్‌టెస్ట్ పెట్టకుండా పడుకున్న పాపానికి

నెల కింద చేసుకున్న బ్యాకప్ జిప్ ఫైలు మొన్న తెరవబోతే, సగం దాకా వచ్చి సీఆర్‌సీ ఎర్రర్ (లోపలి డేటా, దాచినప్పటి లెక్కతో సరిపోలడం లేదు) అని ఆగిపోయింది. డిస్క్ పోయిందేమోనని గుండె గుభేలుమంది. డిస్క్ పరిస్థితి చూపించే టూల్ పెట్టి చూస్తే దానికేం రోగం లేదు. ఇంకో డ్రైవ్‌లో పెట్టుకున్న కాపీ తెరిచినా సరిగ్గా అదే ఫొటో దగ్గర అదే ఎర్రర్. అంటే ఆ ఫైలు తర్వాతెప్పుడో చెడిపోలేదు, పుట్టడమే చెడిపోయి పుట్టిందన్నమాట. అప్పుడు గుర్తొచ్చింది, ఆ జిప్ చేసిన రాత్రే కదా నేను ర్యామ్ స్పీడు పెంచి, మెమ్‌టెస్ట్ (ర్యామ్‌లో తప్పులు పట్టే పరీక్ష) రేపు పెడదాంలే అని పడుకుంది!

అసలు మొదలుపెట్టింది ప్రాసెసర్‌తో. నాది రైజెన్ 5 3600, ఆరు కోర్లు, బాక్స్ మీద రాసున్న స్పీడు 3.6, బూస్ట్‌లో (అవసరాన్ని బట్టి దానంతటదే పెంచుకునే స్పీడు) 4.2 గిగాహెర్ట్జ్. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) చేసేదేం పెద్ద విద్య కాదు, బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది, దాన్ని గుణించే మల్టిప్లయర్‌ని 42 చేస్తే అన్ని కోర్లూ 4.2 దగ్గర నిలబడతాయి, వోల్టేజ్ సరిపోవాలంతే. సరిపోకపోతే ప్రాసెసర్ మొహం మీదే చెప్పేస్తుంది. సినీబెంచ్ అనే స్పీడు టెస్ట్ మధ్యలో మాయమవుతుంది, లేదా బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా మెషిన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. రెండు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టి 1.3 వోల్టుల దగ్గర నిలబెట్టాను.

నిలబెట్టి ఏం బావుకున్నానో లెక్కేస్తే నవ్వొచ్చింది. ముందు అన్ని కోర్లకీ పని పడినప్పుడు 4.0 దగ్గర, సుమారు 1.2 వోల్టులతో నడిచేది. ప్రాసెసర్ లాగే కరెంటు స్పీడుని బట్టి పెరుగుతుంది, వోల్టేజ్‌ని బట్టైతే వర్గంలో పెరుగుతుంది. అంటే 5 శాతం స్పీడు కోసం దాదాపు 23 శాతం ఎక్కువ వేడి. ఇక ఒక్క కోర్ మీద నడిచే పనులకి వచ్చిన లాభం సున్నా, ఎందుకంటే బూస్ట్‌లో అది ఎలాగూ 4.2 ముట్టుకునేదే! 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ రోజులు వేరు. దాని మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ అయి ఉండేది, 66 మెగాహెర్ట్జ్ బస్‌ని (అప్పటి బేస్ క్లాక్ అదే) 100 చేస్తే చాలు, 300 కాస్తా 450 అయ్యేది, అదీ చాలావరకు పెద్ద హంగామా లేకుండానే. ఇప్పుడు ఆ మిగులంతా బూస్ట్ పేరుతో కంపెనీయే ముందే పిండేసి పంపిస్తోంది, మనకి మిగిలేది పిప్పి. అందుకే మల్టిప్లయర్ మళ్లీ ఆటోలో పెట్టేసి ర్యామ్ మీద పడ్డాను.

ర్యామ్‌లో మాత్రం నిజంగానే సరుకుంది. 3200 అని రాసున్న డీడీఆర్4 స్టిక్ కొని పెట్టగానే చాలావరకు 3200లో నడవదు, బయోస్‌లోకెళ్లి ఎక్స్‌ఎంపీ (స్టిక్‌లోనే రాసిపెట్టిన స్పీడు సెట్టింగులు) ఆన్ చేసేదాకా మామూలుగా 2133, 2400 లేదా 2666 దగ్గరే పడి ఉంటుంది. ఆ ఒక్క ఆప్షన్ ముట్టుకోకుండా ఏళ్ల తరబడి వాడేసేవాళ్లు బోలెడుమంది. మీది ఇప్పుడే చూసుకోండి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర కనిపిస్తుంది. ఇంకోటి, పెద్ద నంబరు చూసి మురిసిపోకండి. సీఎల్ (అడిగాక డేటా రావడానికి పట్టే క్లాక్ టిక్కుల లెక్క) అంకెని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే ఆలస్యం ఎన్ని నానోసెకన్లో వస్తుంది. 3200 సీఎల్ 16 అయినా, 3600 సీఎల్ 18 అయినా సరిగ్గా 10 నానోసెకన్లే. 3600లోనే సీఎల్ 16 పట్టిస్తే 8.9కి దిగుతుంది. నా కన్ను దాని మీద పడింది. పైగా ఈ తరం రైజెన్‌లో ఇన్ఫినిటీ ఫాబ్రిక్ అని లోపల ఒక లింక్ ఉంటుంది, ర్యామ్ అసలు క్లాక్‌తో అది సమానంగా నడిస్తేనే మజా. అసలు క్లాక్ అంటే రాసిన అంకెలో సగం, 3600కి 1800, చాలా చిప్‌లు అక్కడిదాకా వస్తాయి, అక్కడ్నించి మొరాయిస్తాయి.

ఆశకి అంతుండదు కదా, 3800 కూడా పెట్టి చూశాను. ఫ్యాన్లు తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. మెమరీ ట్రైనింగ్‌లో (బోర్డు ర్యామ్‌తో కుదురుకునే ప్రయత్నం) ఇలా రెండు మూడు సార్లు అవడం మామూలే గానీ పది నిమిషాలైనా తేలకపోతే ఇక సీమాస్ క్లియర్ చేయాల్సిందే, అంటే బోర్డు బ్యాటరీ తీసి బయోస్ సెట్టింగులు మొదటికి తేవాలి. నా బోర్డులో ఆ నాణెం లాంటి బ్యాటరీ సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటుంది (ఈ డిజైన్ చేసిన మహానుభావుడికో దండం). కార్డు పీకి, గోరుతో క్లిప్ నొక్కి, బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ అన్నీ పెట్టేసరికి అర్ధరాత్రయింది. 3600 సీఎల్ 16, 1.4 వోల్టులు పెడితే బూట్ అయింది. ఊపులో ఉన్నాను కదా, పనిలో పనిగా టీఆర్‌ఎఫ్‌సీ అనే ఇంకో టైమింగ్‌ని (అదేంటో కింద చెప్తాను) 480కి దించేశాను. గేమ్ ఓ గంట ఆడాను, మజాగా ఉంది. ఆ ఆనందంలోనే ఫొటోలన్నీ జిప్ చేసి, స్థలం కోసం అసలు ఫోల్డర్ డిలీట్ చేసి పడుకున్నాను. చేయకూడని పనులన్నీ ఒకే రాత్రి.

ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన చార్జ్. అది కారిపోతూనే ఉంటుంది, చిల్లుకుండలో నీళ్లలాగా. అందుకే 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరసనీ మళ్లీ నింపుతుండాలి. ఒక్కో రిఫ్రెష్‌కి ఇచ్చే వ్యవధే టీఆర్‌ఎఫ్‌సీ. 8 గిగాబిట్ డీడీఆర్4 చిప్‌కి ప్రామాణికంగా 350 నానోసెకన్లు ఇవ్వాలి. నేను 1800 క్లాక్ మీద 480 టిక్కులు ఇచ్చాను, అంటే 267 నానోసెకన్లు. దానికి చాల్లేదు. ఎక్కడో ఒక సున్నా ఒకటైంది. ఆ బిట్ విండోస్ కెర్నల్ వాడుకునే చోట పడుంటే బ్లూ స్క్రీన్ వచ్చేది, నాకూ తెలిసేది. గేమ్ టెక్స్చర్‌లో పడుంటే ఎవడికీ తెలిసేది కాదు. వెళ్లి వెళ్లి జిప్‌లో పడింది. మనం మామూలుగా డెస్క్‌టాప్‌లో వాడే ర్యామ్‌కి ఈసీసీ (తప్పుల్ని పట్టి సరిదిద్దే ఏర్పాటు) ఉండదు, తప్పు జరిగిందని చెప్పే నాథుడే లేడు.

నెల ఆలస్యంగా మెమ్‌టెస్ట్ పెట్టాను. మొదటి పాస్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు, "చూశావా, నా తప్పు కాదు" అనుకున్నాను కూడా. స్టిక్‌లు బాగా వేడెక్కాక, రెండో పాస్ సగంలో ఎర్ర గీత పడింది. ఉండాల్సిన విలువ, ఉన్న విలువ పక్కపక్కనే చూపిస్తుంది కదా, కళ్లు చికిలించి పోల్చుకుంటే మొత్తం మీద ఒక్క అంకె తేడా. ఒక్కటే బిట్. టీఆర్‌ఎఫ్‌సీని 560 చేసి, మిగతావేవీ ముట్టుకోకుండా మళ్లీ పెడితే నాలుగు పాస్‌లూ శుభ్రంగా వచ్చాయి. అదీ చాలదని విండోస్‌లో గ్రాఫిక్స్ కార్డుకి కూడా పని పెట్టి, ఆ వేడిగాలి స్టిక్‌ల మీదికి కొడుతుండగా టెస్ట్‌మెమ్5 అనే ఇంకో ర్యామ్ పరీక్ష నడిపాను. అదీ పాసైంది.

ఇప్పుడు బయోస్‌లో రెండు ప్రొఫైళ్లున్నాయి. ఒకటి ఉత్త ఎక్స్‌ఎంపీ, రెండోది నా ప్రయోగాలది. టైమింగ్ ఏది మార్చినా ఒక్కటే మారుస్తాను, ఆ స్క్రీన్ ఫోన్‌తో ఫొటో తీసుకుంటాను, టెస్ట్ పూర్తయ్యేదాకా డేటా డ్రైవ్ కేబుల్ పీకేసి ఉంచుతాను. అతి అనిపిస్తే అనిపించనీ.

జిప్ రిపేర్ టూల్‌తో ఫొటోలు దాదాపు అన్నీ బయటికొచ్చాయి. ఒక్కటి మాత్రం పైనుంచి మూడో వంతు వరకు బాగానే ఉంది, అందరి తలలూ నవ్వులూ కనిపిస్తున్నాయి, అక్కడ్నించి కిందంతా బూడిద రంగు.