రిటైరయ్యాక కుట్టుమిషన్
జీన్స్ కాలు పొట్టి చేస్తుంటే బాబాయి మిషన్ సూది ఇవాళ పక్కకుట్టు దగ్గర టక్కున విరిగింది. చొక్కాలకు వాడే 80 నంబరు సూది అది, వంగి ప్లేటుకు తగిలింది.

జీన్స్‌కి అంతకన్నా లావైన 100 నంబరు సూది వేయాలి. కుట్టు పొడవు కనీసం 3 మిల్లీమీటర్లు. పొరలు లావైన చోట ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) వెనకాల మడిచిన గుడ్డముక్క పెట్టి చక్రం చేత్తో తిప్పితే ఫుట్ సమానంగా నిలుస్తుంది, కుట్టు తప్పదు.

రిటైరయ్యాక కుట్టుపనితో సంపాదించాలనుకునేవాళ్లకి కొత్త బట్టలు కుట్టడంకన్నా ఈ సైజు సవరింపులే నయమంటాను. కటింగ్ బాధ లేదు, ఉన్న మిషనే చాలు.

కత్తిరించేముందు బట్ట ఇచ్చేవాళ్లని ఒకసారి ఉతికి తెమ్మనండి. తర్వాత కాటన్ ముడుచుకుపోతే మాట పడేది మనమే. కొలత బూట్లు వేసుకున్నాకే తీయాలి. జిప్పు మార్చడానికి మాత్రం అంచు మడిచే రేటు ఒప్పుకోకండి, పాత కుట్టు విప్పడానికే బోలెడు టైం పోతుంది.