నీలం లైటు కింద మా పాప

పాప పుట్టిన మూడో రోజు డాక్టర్ గారు తన ముక్కు మీద వేలితో నొక్కి వదిలారు. వేలు తీసిన చోట చర్మం పచ్చగా కనిపించింది. ఛాతీ, పొట్ట, తొడలు, నొక్కిన చోటల్లా అదే రంగు. పసిపిల్లల్లో కామెర్లు ముఖంతో మొదలై కిందికి దిగుతాయట. రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే ఒంటిని పచ్చగా మార్చే పదార్థం, 17 వచ్చింది.

చాలామంది పిల్లలకు కామెర్లు వచ్చి, రెండు వారాల్లోపు వాటంతట అవే తగ్గిపోతాయి. మాకు ఇంకో చిక్కు ఉంది. నాది ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. నా యాంటీబాడీలు తన ఎర్రకణాలను గబగబా విరగ్గొడుతున్నాయి. వాటి నుంచి వచ్చే బిలిరుబిన్‌ను వదిలించుకునే శక్తి ఆ లేత కాలేయానికి ఇంకా రాలేదు. మరీ పెరిగితే మెదడుకు చేరుతుంది, వినికిడి పోవచ్చు అన్నారు. ఆ టెన్షన్‌లో కుట్ల నొప్పి కూడా తెలియలేదు నాకు.

ఈలోగా అత్తమ్మ ఊళ్లో పసరు పోసే ఆయనకు ఫోన్ చేసేసింది. అమ్మ నా కూరల్లో పసుపు మానేసింది. పసుపు మానేస్తే పోయేదేం లేదు కానీ, పసరుకు మాత్రం నేను ససేమిరా అన్నాను. "పోనీ, పొద్దుటెండలో పెడదాం" అంది అత్తమ్మ. అది ఉత్త మాటేం కాదు. 1956లో ఇంగ్లండులో ఒక నర్సు, పిల్లలను ఎండకు తిప్పుతూ, ఎండ తగిలిన చోట పచ్చదనం తగ్గి దుప్పటి కప్పిన చోట అలాగే ఉండటం గమనించింది. ఫొటోథెరపీకి, అంటే వెలుగుతో చేసే ఈ వైద్యానికి, అదే మొదలు. కాకపోతే ఇంత బిలిరుబిన్‌కు ఎండను నమ్ముకోలేం, ఒళ్లు కమిలిపోతుంది అన్నారు డాక్టర్ గారు.

పాపను డైపర్‌తో, కళ్లకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఆ వెలుగుకు చర్మంలోని బిలిరుబిన్ రూపు మారి, కాలేయం దాన్ని మార్చాల్సిన పని లేకుండానే మలమూత్రాల్లో పోతుంది. అందుకే పాలు బాగా పట్టాలి. పాపేమో మత్తుగా నిద్రపోయేది. రెండు గంటలకోసారి అరికాళ్లు గోకి లేపేదాన్ని. నాలుగు గుక్కలు తాగి మళ్లీ నిద్ర. గంతలు జారి ముక్కు మీదికి వస్తే సర్దడం అమ్మ డ్యూటీ. విరేచనాలు పల్చగా, ఆకుపచ్చగా అయితే హడలిపోయాం. బిలిరుబిన్ పోతోంది, మంచిదే అంది నర్సు.

లైటు ఆపాక మళ్లీ పెరగొచ్చని ఇంకోసారి రక్తం తీశారు, పెరగలేదు. వినికిడి పరీక్ష కూడా బాగానే వచ్చింది. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా వచ్చినా వెంటనే తీసుకురమ్మన్నారు, పిత్తనాళాల జబ్బు కావచ్చట. ఇప్పుడు డైపర్లు మార్చేది అత్తమ్మే. ప్రతిదీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, రంగు చూసి మరీ పడేస్తోంది.