వారెంట్ లేకుండా మా ఇంట్లో సోదా: ఆ కాగితం కోసం నేను పడ్డ పాట్లు

సోదా రికార్డు కాపీ నిన్ననే చేతికొచ్చింది. కోనసీమలో పందేలు జరిగే ఊళ్లలో ఈ అవసరం ఎవరికైనా రావచ్చని రాస్తున్నాను.

సంక్రాంతి ముందు, ఇంకా తెల్లవారకుండానే పోలీసులు తలుపు కొట్టారు. మా మరిది మీద కోడిపందేల కేసట. వారెంట్ అక్కర్లేదన్నారు. అరెస్టు చేయగల మనిషి లోపల ఉన్నాడని నమ్మే కారణం ఉంటే నిజంగానే అక్కర్లేదు. మరిది ఇంట్లో లేడు. అయినా బీరువా తీయించారు, అత్తయ్యగారి ట్రంకు పెట్టె కుమ్మరించారు, బియ్యం డబ్బాలో చేతులు పెట్టారు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు, ఇంట్లో ఉన్నది మేమిద్దరం ఆడవాళ్లమే.

సోదా కాగితం అడగడానికి స్టేషన్‌కి వెళ్తే మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. వచ్చేపోయే మా ఊరివాళ్లందరూ "ఏం కేసమ్మా?" అని అడగడమే. చివరికి రైటర్ అందరికీ వినబడేలా అన్నాడు: "సోదా ఎవరు చేశారు? మనిషి కోసం వచ్చాం, లేడు, వెళ్లిపోయాం. ఇంట్లో మగాళ్లు లేరా? వాళ్లని పంపించు." డ్వాక్రా సంఘం లెక్కలు ఏళ్ల తరబడి పైసా తేడా లేకుండా రాస్తున్నదాన్ని, నాకు మగతోడు కావాలా? "మనిషి కోసం వచ్చినవాళ్లు బియ్యం డబ్బా ఎందుకు వెతికారండీ?" అని నేనూ గట్టిగానే అడిగాను. జవాబు లేదు. అర్జీ తీసుకోలేదు. బయటికొచ్చాక చేతులు వణికాయి. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

అసలు కిటుకు అక్కడే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో (అరెస్టులు, సోదాలు ఎలా చేయాలో చెప్పే చట్టం) మనిషి కోసం రావడం 44వ సెక్షన్, వస్తువు కోసం వెతకడం 185. వస్తువు కోసమైతే దేనికి వెతుకుతున్నారో, ఎందుకో ముందే రాయాలి. వీడియో తీయాలి. 48 గంటల్లోపు ఆ రికార్డు కాపీ మేజిస్ట్రేటుకి పంపాలి. ఇంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే మేజిస్ట్రేటు ఆ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కింది ఉద్యోగిని పంపితే అతని దగ్గర రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి, అది చూపించమనండి.

"పోలీసులతో మనకెందుకమ్మా" అన్న మా ఊరి పెద్దమనిషి మాట మాత్రం వినకండి. ఆయన పందెం బరి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి.

కోర్టులో అర్జీ పెట్టడం తేలిగ్గానే అయింది. కాపీలో "కోడి కత్తులు దాచారన్న సమాచారం మేరకు సోదా" అని ఉంది! స్టేషన్‌లో లేదన్న సోదా ఇక్కడ ఉంది. సాక్షులుగా పక్క మండలం వాళ్ల సంతకాలున్నాయి. సాక్షులు ఆ చుట్టుపక్కలవాళ్లే కావాలి, వాళ్లు దొరక్కపోతేనో రామంటేనో బయటివాళ్లని పిలవాలి. మా వీధిలో ఒక్క తలుపూ తట్టలేదు.

వీడియో కూడా ఇప్పించమని మళ్లీ అర్జీ పెట్టాను. ఎస్పీ గారికి ఫిర్యాదు ఈ ఉదయమే స్పీడ్ పోస్టులో వెళ్లింది, అత్తయ్యగారు కూడా సంతకం పెట్టారు.