పన్ను భయంతో ఇల్లు పిల్లల పేరున రాసేయకండి

"ఇల్లు ఇప్పుడే పిల్లల పేరున పెట్టేస్తే మా తర్వాత వాళ్లకి పన్ను బాధ ఉండదు కదా?" రిటైరైన మా బంధువుల్లో ఈ మాట తరచూ వినిపిస్తోంది. అసలు తప్పించుకోవడానికి అక్కడ పన్నంటూ లేదండీ. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని మన దేశంలో 1985లోనే తీసేశారు, ఇచ్చేవాళ్ల దగ్గర వసూలు చేసే గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయింది. 2024 ఎన్నికలప్పుడు వారసత్వ పన్ను గురించి టీవీల్లో రోజుల తరబడి గొడవ జరిగింది కాబట్టి చాలామందికి ఆ టెన్షన్ ఇంకా ఉన్నట్టుంది, కానీ అలాంటి చట్టమేదీ రాలేదు. వీలునామా ద్వారా వచ్చినా, వీలునామా లేకుండా వారసులుగా వచ్చినా ఇంటి మీద ఆదాయపు పన్ను లేదు. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, అయినా చేయించుకుంటే మంచిది.

బతికుండగానే ఇవ్వాలంటే మాత్రం ఖర్చుంది. స్థిరాస్తి గిఫ్ట్ డీడ్‌ని కచ్చితంగా రిజిస్టర్ చేయించాలి, ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. నోటి మాటతోనో తెల్లకాగితం మీదో ఇచ్చింది మామూలుగా చెల్లదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమ్మకం దస్తావేజుకి అన్నీ కలిపి దాదాపు 7.5 శాతం అవుతుంది, అంటే సర్కారు మార్కెట్ విలువ 70 లక్షలున్న ఇంటికి 5 లక్షల పాతికవేలు. కుటుంబ సభ్యులకి గిఫ్ట్‌గానో సెటిల్‌మెంట్‌గానో రాస్తే అంతకన్నా చాలా తక్కువ. అందుకే సొంత కొడుక్కి "అమ్మినట్టు" రాయించడం నాకు అస్సలు అర్థం కాని పని. స్టాంపు డ్యూటీ ఎక్కువ, పైగా అది అమ్మకమే కాబట్టి తండ్రి మీద క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభం మీద పన్ను) పడుతుంది, 50 లక్షలు దాటితే కొడుకు ఒక శాతం టీడీఎస్ (చెల్లించే డబ్బులోంచి ముందే పట్టే పన్ను) కోసి కట్టాలి, డబ్బు నిజంగా చేతులు మారకపోతే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

గిఫ్ట్ పుచ్చుకున్నవాళ్ల సంగతి. మామూలుగా 50 వేలు దాటిన విలువగల ఇల్లు ఉచితంగా వస్తే దాని స్టాంపు విలువంతా, అంటే రిజిస్ట్రేషన్‌కి సర్కారు లెక్కేసే విలువంతా, వాళ్ల ఆదాయంగా లెక్కేస్తారు, ఇచ్చింది "బంధువు" అయితే లెక్కేయరు. ఆ బంధువులెవరో చట్టంలోనే జాబితా ఉంది: భార్యాభర్తలు, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, తల్లిదండ్రులు, తాతముత్తాతలు, పిల్లలు, మనవలు, భార్య లేదా భర్త వైపు తల్లిదండ్రులు, తాతముత్తాతలు, పిల్లలు, మనవలు, వీళ్లందరి జీవిత భాగస్వాములు. చూడ్డానికి అందరూ వచ్చేసినట్టే ఉంటుంది కానీ, పెదనాన్న కొడుకు ఇందులో లేడు. మనం సొంత అన్నలాగే చూసుకుంటాం, పన్ను చట్టం చూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది చాలామందికి తెలీదు. పిల్లల్లేని బాబాయ్ తన అన్న కొడుక్కి ఇల్లు ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే ఆ అబ్బాయి లెక్కలో బాబాయ్ అంటే తన తండ్రికి తోబుట్టువు. అదే అన్న కొడుకు బాగా సంపాదించి, అద్దింట్లో ఉంటున్న బాబాయికి ఒక ఫ్లాట్ గిఫ్ట్‌గా ఇచ్చాడనుకోండి, బాబాయ్ పన్ను కట్టాలి! తోబుట్టువుల పిల్లలు ఆ జాబితాలో లేరు. స్టాంపు డ్యూటీ తగ్గింపుకి వాడే కుటుంబ సభ్యుల జాబితా మళ్లీ వేరు, కాబట్టి ఒకచోట చెల్లింది కదా అని రెండోచోటా చెల్లుతుందని అనుకోవద్దు.

భార్య పేరునో కోడలి పేరునో ఇల్లు ఉచితంగా పెట్టినా అద్దె ఆదాయం మాత్రం ఇచ్చినవాళ్ల లెక్కలోనే పడుతుంది. పెట్టాలనిపిస్తే ప్రేమతో పెట్టండి, పన్ను తగ్గుతుందని మాత్రం కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి కాబట్టి నేను నంబర్లు రాయడం లేదు, ఈ విషయాల్లో సారం పాతదే.

అసలు పన్ను ఎక్కడుందంటే, పిల్లలు ఆ ఇంటిని అమ్మిన రోజున ఉంది. నాన్న 1995లో 4 లక్షలకి కొన్న ఫ్లాట్‌ని కూతురికి ఇచ్చారు, ఆ అమ్మాయి 90 లక్షలకి అమ్మింది అనుకుందాం. గిఫ్ట్ నాటి విలువ 70 లక్షలు కాబట్టి లాభం 20 లక్షలే అని లెక్కేసుకుంటారు చాలామంది. కాదు. నాన్న కొన్న ధరే ఆమె ధర. 2001కి ముందు కొన్నదానికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అది 8 లక్షలైతే లాభం 82 లక్షలు, దాని మీద 12.5 శాతం అంటే 10 లక్షల పాతికవేలు, సెస్సు, సర్‌చార్జి కాక. మళ్లీ ఇల్లు కొంటే, నిర్దేశిత బాండ్లలో పెడితే మినహాయింపులున్నాయి. వారసత్వంగా వచ్చినా ఇదే లెక్క. కాబట్టి నాన్నని కూర్చోబెట్టి పాత దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, పై అంతస్తు వేసినప్పటి బిల్లులు ఎక్కడున్నాయో ఇప్పుడే అడగండి. ఈ ఒక్క పని గిఫ్ట్ డీడ్ కన్నా ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

అన్నదమ్ముల మధ్య తగాదా వస్తుందనో, కూతురికి ఇప్పుడే ఆసరా కావాలనో ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, అవి సరైన కారణాలే. కానీ దస్తావేజులో రెండు విషయాలు రాయించండి. మొదటిది, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు తమదేనని. అలా రాస్తే గిఫ్ట్ చెల్లదని కొందరు భయపెడతారు, ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో 2014లో సుప్రీంకోర్టు చెల్లుతుందని స్పష్టంగా చెప్పింది. రెండోది, తమ బాగోగులు చూసుకోవాలన్న షరతు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం అలాంటి షరతు పెట్టి ఇచ్చాక పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. షరతు పెట్టినట్టు చూపించాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, 2025 జనవరిలో ఒక తల్లి విషయంలో మాత్రం ఉదారంగా చూసి ఆస్తి వెనక్కి ఇప్పించింది. కానీ కోర్టు ఉదారత మీద ఆధారపడే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి, రెండు వాక్యాలు రాయిస్తే పోయేదానికి? మా బంధువుల్లో ఒకావిడ ఏ షరతూ లేకుండా ఇల్లు రాసిచ్చి, కట్టుకున్న ఇంట్లోనే వంటగదిలోకి వెళ్లడానికి అడిగి వెళ్లాల్సిన స్థితిలో ఉంది. ఆ రోజు డాక్యుమెంట్ రైటర్ అడగలేదు, మేమెవరమూ చెప్పలేదు.

పిల్లలు అమెరికాలో ఉంటే తొందరపడకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడి పన్ను లెక్కలో గిఫ్ట్‌గా వచ్చిన ఇంటికి నాన్న కొన్న ధరే తీసుకుంటారు, వారసత్వంగా వచ్చిన ఇంటికి మాత్రం ఆయన పోయిన రోజు విలువ తీసుకుంటారు. తేడా ఎంతుంటుందో పై ఉదాహరణతో మీరే లెక్కేసుకోండి. గిఫ్టైనా వారసత్వమైనా విలువ ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే అక్కడ 3520 ఫారం నింపాలి, పన్నేమీ లేకపోయినా నింపనందుకు చట్టం ప్రకారం విలువలో 25 శాతం దాకా జరిమానా ఉంది. ఇంటితో పాటు పొలం కూడా రాసేద్దాం అనుకునేవాళ్లు ఆగండి. ఇక్కడుండే తల్లిదండ్రులు ఎన్నారై పిల్లలకి ఇల్లు గిఫ్ట్‌గా ఇవ్వచ్చు గానీ వ్యవసాయ భూమి ఇవ్వడానికి ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) ఒప్పుకోదు. అది వారసత్వంగా రావాల్సిందే.